పెద్ద కెమెరాకు పాత షట్టర్

లెన్స్ గుండా వచ్చే వెలుగును కావలసినంత సేపు లోపలికి వదిలి, సమయం కాగానే ఆపేసే తలుపే షట్టర్. మామూలు కెమెరాల్లో అది లోపలెక్కడో ఉంటుంది. వాడేవారు దాన్ని చూడను కూడా చూడరు. లార్జ్ ఫార్మాట్ కెమెరాల సంగతి వేరు. 4×5, 5×7, 8×10 అంగుళాల ఫిల్ము మీద బొమ్మ తీసే ఈ కెమెరాలకు ముందొక చట్రం, వెనకొక చట్రం, రెంటి మధ్య మడతల బెలోస్ ఉంటాయి. ఫిల్ము వెనక చట్రంలోకి వెళ్తుంది. ముందు చట్రంలో లెన్స్ బిగించిన పలక ఉంటుంది, షట్టర్ ఆ లెన్సుతోనే ఉంటుంది. కెమెరా మారినా షట్టర్ మారదు. అందువల్ల 1905లో తయారైన షట్టర్‌ను నిన్నమొన్న తయారైన కెమెరాకు బిగించుకోవచ్చు. పలకకు సరైన కొలతలో చిల్లు పెడితే చాలు.

పాత షట్టర్లను సేకరించేవారికి ఈ వెసులుబాటు పెద్ద వరం. అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టుకున్న వస్తువునే మర్నాడు పనిలోకి దించవచ్చు. ఇప్పుడది సరదా మాత్రమే కాదు, అవసరం కూడా. జపాన్‌కు చెందిన కోపాల్ కంపెనీ లార్జ్ ఫార్మాట్ మెకానికల్ షట్టర్ల తయారీని 2010ల్లో ఆపేసింది. పెద్ద కెమెరా వాడే ప్రతివారూ ఇవాళ ఏదో ఒక మేరకు పాత సరుకు మీదే ఆధారపడి ఉన్నారు. ఆ సరుకులో మంచిచెడ్డలు తెలుసుకోవాలంటే ముందు ఒక విషయంలో స్పష్టత ఉండాలి. షట్టర్ మీద రాసి ఉన్న వేగం నిజమా కాదా అన్నది రెండో ప్రశ్న. నొక్కిన ప్రతిసారీ అదే సమయం ఇస్తుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. 1/50 అని రాసి ఉన్నచోట ఎప్పుడూ 1/30 ఇచ్చే షట్టర్ నమ్మదగిన పనిముట్టు. ఒకసారి 1/50, మరోసారి 1/20 ఇచ్చేది బీరువాకే తగినది.

మూత నుంచి యంత్రం దాకా

ఫొటోగ్రఫీ పుట్టిన తొలి దశాబ్దాల్లో షట్టర్ అనే వస్తువే లేదు. 1839లో డాగెర్ పద్ధతి లోకానికి తెలిసినప్పుడు ఒక్కో బొమ్మకు నిమిషాలు పట్టేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతితో ఆ నిమిషాలు సెకన్లలోకి దిగాయి. సెకన్లు లెక్కపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. లెన్స్ మూత తీయడం, మనసులో అంకెలు లెక్కించడం, మళ్ళీ మూత పెట్టడం. ఎనిమిది సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అర సెకను అటూ ఇటూ అయినా నష్టమేమీ లేదు. ఈ పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. ఫిల్ముకు బదులు ఫొటో కాగితాన్నే కెమెరాలో పెట్టి, లెన్సులో వెలుగు దూరే చిల్లును (ఎపర్చర్) బాగా కుదించి తీసేవారికి ఎక్స్‌పోజర్ సెకన్లలోనే ఉంటుంది, మూత తప్ప మరేమీ అవసరం పడదు.

1871లో ఇంగ్లండ్ వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడాక్స్ జెలటిన్ పొడి ప్లేటు గురించి రాశాడు. 1878లో చార్లెస్ బెన్నెట్ దాని చురుకుదనాన్ని ఎంతో పెంచే మార్గం చూపించాడు. దాంతో ఎండలో తీసే బొమ్మకు సెకనులో చిన్న వంతు చాలింది. అంత తక్కువ సేపు మూత తీసి పెట్టడం మనిషి చేతివల్ల కాదు. అదే 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా పేర్చిన కెమెరాలతో తీశాడు. ప్లేట్లు ఇంకా తడివే, షట్టర్లను మాత్రం విద్యుత్తు విడిపించింది.

ఆనాటి షట్టర్లలో చాలావాటి సూత్రం సులువైనది. లెన్స్ ముందు రెండు గాడుల మధ్య చిల్లున్న చెక్క పలక ఒకటి జారిపడుతుంది. చిల్లు లెన్సును దాటుతున్నంత సేపే వెలుగు లోపలికి పోతుంది. పలక 5 సెంటీమీటర్లు పడేసరికి దాని వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. అక్కడి నుంచి 5 సెంటీమీటర్ల చిల్లు ఒక బిందువును దాటడానికి సెకనులో 24వ వంతు పడుతుంది. ఇంకా త్వరగా కావాలంటే రబ్బరు బ్యాండు కట్టి లాగేవారు. పైన కీలు ఉండి, కిందినుంచి పైకి లేచి మళ్ళీ పడే రెక్క షట్టర్లూ వచ్చాయి. వాటిలో నేల భాగానికి ఎక్కువ వెలుగు, ఆకాశానికి తక్కువ వెలుగు అందేది. నీలం రంగుకు అతిగా స్పందించే ఆనాటి ప్లేట్ల మీద ఆకాశం తెల్లగా మాడిపోయేది కాబట్టి, ఆ తేడాను ప్రకృతి దృశ్యాలు తీసేవారు లోపంగా కాక సదుపాయంగా చూశారు.

సికింద్రాబాద్‌లో రాజా దీన్ దయాళ్ స్టూడియో నడిచింది సరిగ్గా ఈ మార్పు కాలంలోనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఆయన దర్బారు దృశ్యాలతో పాటు సైనిక విన్యాసాలను, వేట శిబిరాలను గాజు ప్లేట్ల మీదికి ఎక్కించాడు. ఆ ప్లేట్లలో కొన్ని ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

గుడ్డ తెర, గాలి బుడ్డి

మాంచెస్టర్‌కు చెందిన జాన్ ఎడ్వర్డ్ థార్న్‌టన్ 1886లో గుడ్డ తెరతో పనిచేసే షట్టర్‌ను తెచ్చాడు. 1888లో ఎడ్గర్ పికార్డ్ ఆయనతో చేతులు కలిపాడు. థార్న్‌టన్-పికార్డ్ కంపెనీ తర్వాత ఆల్ట్రింకమ్‌కు మారి, దశాబ్దాల పాటు ఈ షట్టర్లను లెక్కకు మిక్కిలిగా తయారుచేసింది. అందుకే సేకరణ మొదలుపెట్టేవారికి ముందుగా దొరికేవి ఇవే.

చేతిలోకి తీసుకుంటే ఇది ఒక చిన్న మహాగని పెట్టె. మధ్యలో గుండ్రటి చిల్లు. లోపల పైనొక రూళ్ళకర్ర, కిందొక రూళ్ళకర్ర, వాటి మధ్య రబ్బరు పూసిన నల్లటి గుడ్డ. ఆ గుడ్డలో ఒక కిటికీ కోసి ఉంటుంది. పక్కన వేలాడే దారాన్ని లాగితే గుడ్డ ఒక కర్రకు చుట్టుకుంటుంది, రెండో కర్ర లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. మీట వదలగానే కిటికీ లెన్స్ ముందునుంచి సర్రున దాటిపోతుంది. పక్కనున్న ఇత్తడి గుండీని తిప్పితే స్ప్రింగ్ ఇంకా బిగుస్తుంది, వేగం పెరుగుతుంది. గుండీ దగ్గరి చిన్న ముఖం మీద సాధారణంగా 1/15 నుంచి 1/90 దాకా అంకెలుంటాయి. నూరేళ్ళు గడిచిన స్ప్రింగ్ ఆ అంకెలను పాటిస్తుందని ఆశించకూడదు. గుండీని ఒకే స్థానంలో ఉంచి పదిసార్లు వదిలితే పదిసార్లూ దాదాపు ఒకే సమయం వస్తుంది, కావలసింది అదే.

గుడ్డ తెర షట్టర్లో పాడయ్యేవి మూడే: గుడ్డ, దారం, స్ప్రింగ్. గుడ్డ మీది రబ్బరు పెళుసెక్కి సూదిమొన చిల్లులు పడతాయి. చీకటి గదిలో వెనకనుంచి టార్చి వేస్తే అవి నక్షత్రాల్లా కనిపిస్తాయి. ఒకటి రెండైతే నల్ల రబ్బరు జిగురు చుక్క సరిపోతుంది, ఎక్కువైతే గుడ్డ మార్చాలి. పెట్టెను నాలుగు మేకులు తీసి విప్పవచ్చు, లోపల అర్థం కానిదేమీ ఉండదు. యంత్రాలతో పరిచయం లేనివారు కూడా ఇంట్లోనే బాగుచేసుకోగల పాత షట్టర్ ఇదొక్కటే అని చెప్పవచ్చు.

స్టూడియో ఫొటోగ్రాఫర్ల అవసరం వేరు. వాళ్ళకు వేగం కన్నా నిశ్శబ్దం ముఖ్యం. ‘టక్’మన్న చప్పుడుకు ఒళ్ళో పాప ఉలిక్కిపడితే ప్లేటు వృథా. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో తయారైన ప్యాకార్డ్ షట్టర్ ఈ పనికే పుట్టింది. పలుచని చదరపు పెట్టెలో నల్లటి రేకులు, వాటిని కదిపే ఒక సన్నటి సిలిండరు, అందులో పిస్టను. సిలిండరు నుంచి పొడవాటి గొట్టం, గొట్టం చివర అరచేతిలో పట్టే రబ్బరు బుడ్డి. బుడ్డి నొక్కితే గాలి పిస్టన్‌ను తోస్తుంది, రేకులు తెరుచుకుంటాయి. వదిలితే పిస్టను వెనక్కి వస్తుంది, రేకులు మూసుకుంటాయి. స్ప్రింగ్ లేదు, గేరు లేదు. షట్టర్‌ను కెమెరా లోపల, లెన్స్ పలక వెనక బిగిస్తారు. ఎదురుగా కూర్చున్నవారికి అది కనిపించదు. ఆరో నంబరు ప్యాకార్డ్‌లో ఒక చిన్న పిన్ను ఉంటుంది. అది పెడితే ఒక్క నొక్కుకే రేకులు తెరుచుకుని మూసుకుంటాయి, సమయం సుమారు 1/25 సెకను. మిగతా సమయమంతా చేతి లెక్కే. అర సెకను, సెకను, రెండు సెకన్లు వరసగా ఒకే తీరుగా ఇవ్వడం సాధన మీద వస్తుంది.

ప్యాకార్డ్ షట్టర్ కొంటే రబ్బరు పాడై ఉంటుందని ముందే అనుకోవాలి. గొట్టం, బుడ్డి కొత్తవి తెచ్చుకోవచ్చు, ఆసుపత్రి సామాను అమ్మే కొట్లలో దొరికే గొట్టం కూడా పనికొస్తుంది. బుడ్డి మరీ చిన్నదైతే చాలినంత గాలి పోక రేకులు సగంలో ఆగుతాయి. సిలిండరులో చుక్క నూనె కూడా వేయకూడదు. నూనెకు దుమ్ము పట్టి పిస్టను బిగుసుకుపోతుంది. కదలిక మందగిస్తే శుభ్రంగా తుడిచి, మెత్తటి గ్రాఫైట్ పొడి కొంచెం అద్దితే సరిపోతుంది.

లెన్స్ నడుమ రేకులు

లెన్సుకు ముందో వెనకో కాక, సరిగ్గా దాని నడుమ, ఎపర్చర్ పక్కనే రేకులను పెట్టడంలో ఒక గొప్ప లాభం ఉంది. అక్కడ వెలుగును అడ్డుకుంటే బొమ్మంతా ఒకేసారి, ఒకే తీరుగా మసకబారుతుంది. కాబట్టి రేకులు సగమే తెరుచుకుని ఉన్నా ఫిల్ము అన్ని మూలలకూ సమానంగా వెలుగు అందుతుంది. దీన్నే లీఫ్ షట్టర్ అంటారు.

1890ల నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ ఈ రకం షట్టర్లకు కేంద్రమైంది. బాష్ అండ్ లాంబ్ కంపెనీ యునికమ్ షట్టర్‌ను చూసినవారికి ముందుగా కంటబడేవి దాని ముఖం మీద అటొకటి ఇటొకటి ఉండే రెండు ఇత్తడి సిలిండర్లు. ఒకటి రబ్బరు బుడ్డి గాలితో షట్టర్‌ను విడిపించడానికి, రెండోది రేకుల కదలికను నెమ్మదింపజేయడానికి. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కితే పిడి ఎలా మెల్లగా దిగుతుందో, ఆ రెండో సిలిండరులో పిస్టను అలాగే గాలిని సందుల్లోంచి వెళ్ళగొడుతూ కదులుతుంది. రేకులు అంతసేపూ తెరిచే ఉంటాయి. ఎంత దూరం కదలాలో చక్రం తిప్పి నిర్ణయిస్తే అదే షట్టర్ వేగం.

గాలిని నమ్ముకున్న ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య సందు వెంట్రుకవాసి మారినా సమయం మారుతుంది. తేమ, దుమ్ము, వేడి, పాత నూనె అన్నీ దాని మీద ప్రభావం చూపిస్తాయి. 1910 ప్రాంతంలో రాచెస్టర్‌లోనే బాష్ అండ్ లాంబ్ మాజీ ఉద్యోగులు రుడాల్ఫ్ క్లైన్, థియొడోర్ బ్రూక్ కలిసి ఐలెక్స్ కంపెనీ పెట్టి, సిలిండరుకు బదులు పళ్ళచక్రాల వరసను తెచ్చారు. స్ప్రింగ్ ఆ చక్రాలను తిప్పుతుంటే చివరి చక్రం దగ్గర చిన్న కొక్కెం అటూ ఇటూ ఊగుతూ వాటి పరుగును పట్టి ఉంచుతుంది. పాత ఐలెక్స్‌ను ఒక సెకను దగ్గర పెట్టి వదిలితే ‘జర్ర్’మని వినిపించేది ఆ కొక్కెం చప్పుడే. ఆ చప్పుడు చెవికి సమంగా ఉంటే చక్రాలు శుభ్రంగా ఉన్నట్టు. మధ్యలో నీరసిస్తూ తడబడుతూ వినిపిస్తే నూనె గడ్డకట్టినట్టు. పరికరం లేకుండానే చేయగల మొదటి పరీక్ష ఇది.

జర్మనీలో మ్యూనిక్‌కు చెందిన ఫ్రెడ్రిక్ డెకెల్ కంపెనీ కథా ఇలాగే నడిచింది. ముందు గాలి సిలిండరుతో పనిచేసే కాంపౌండ్, 1912 నుంచి పళ్ళచక్రాలతో పనిచేసే కాంపర్. తొలినాటి కాంపర్ల మీద వేగాలు పైనున్న చిన్న చక్రం మీద ఉంటాయి, పక్కనే మరో చక్రం మీద మూడు జర్మన్ అక్షరాలుంటాయి. జెడ్ దగ్గర పెడితే ఒక నొక్కుకు తెరుచుకుని, మరో నొక్కుకు మూసుకుంటుంది. డి దగ్గర పెడితే నొక్కి ఉంచినంత సేపే తెరిచి ఉంటుంది. ఎమ్ దగ్గర పెడితే చక్రం మీది వేగం పనిచేస్తుంది. మొదటి రెండు స్థానాల్లో బిగింపు మీట కదలదు, కదలకూడదు. బలవంతం చేస్తే లోపలి కొక్కెం విరుగుతుంది. మూలపడిన కాంపర్లలో కొన్ని ఈ తొందరపాటుకు బలైనవే. ఇంగ్లీషు షట్టర్ల మీద ఇవే స్థానాలకు టి, బి, ఐ అని రాసి ఉంటుంది.

రాచెస్టర్ కంపెనీల్లో వాడకందారుకు ఎక్కువ మేలు చేసింది వొలెన్సాక్ అని చెప్పాలి. బాష్ అండ్ లాంబ్‌లో పనిచేసి బయటికి వచ్చిన ఆండ్రూ వొలెన్సాక్ 1899లో దీన్ని స్థాపించాడు. దీని బీటాక్స్, ఆల్ఫాక్స్ షట్టర్లకు ముందుగా బిగించే పని లేదు, మీట నొక్కితే బిగింపూ విడుదలా ఒకేసారి జరుగుతాయి. అందమైన వస్తువులు కావు. కానీ లోపల భాగాలు తక్కువ, అవీ మొరటుగా, గట్టిగా ఉంటాయి. పెద్ద నంబరు బీటాక్స్‌ల చిల్లు పెద్దది కాబట్టి పాత పోర్ట్రెయిట్ లెన్సులకు బాగా నప్పుతాయి. కోడక్ కమర్షియల్ ఎక్టార్ లెన్సుల్లో 12 అంగుళాలది నాలుగో నంబరు ఐలెక్స్‌లో, 14 అంగుళాలది ఐదో నంబరు ఐలెక్స్‌లో వచ్చాయి. 8×10 వాడేవారికి ఈ జంటలు ఈనాటికీ తిండిపెట్టే పనిముట్లు.

ఫిల్ము ముందు పరుగెత్తే చీలిక

లెన్స్ దగ్గర కాక ఫిల్ము ముందే తెరను పరుగెత్తించడం మరో మార్గం. రాచెస్టర్‌లోనే ఫోల్మర్ అండ్ ష్వింగ్ వారు 1912లో మొదలుపెట్టిన స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలో ఈ ఫోకల్ ప్లేన్ షట్టర్ ఉంటుంది. పొడవాటి గుడ్డ తెరలో నాలుగు వెడల్పుల చీలికలు, స్ప్రింగుకు ఆరు బిగువులు. వీటిని కలిపితే 24 వేగాలు, అత్యధికం 1/1000. ఏ చీలికకు ఏ బిగువు కలిపితే ఎంత వేగమో తెలిపే పట్టిక కెమెరాకే అతికించి ఉంటుంది. దీనితో షట్టర్ లేని ఏ పాత లెన్సైనా పనిలోకి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి ఫొటోలు తీయడానికి చేసిన కోడక్ ఏరో ఎక్టార్ ఎఫ్/2.5 లెన్సుకు సొంత షట్టర్ లేదు. స్పీడ్ గ్రాఫిక్ ఉన్నందువల్లే అది పోర్ట్రెయిట్ లెన్సుగా రెండో జీవితం పొందింది.

దీని లోపం దీని పని తీరులోనే ఉంది. చీలిక దాటుతున్న కొద్దీ ఫిల్ములో ఒక్కో పట్టీ ఒక్కో క్షణంలో నమోదవుతుంది. ఈలోగా వస్తువు కదిలితే ఆకారం మారుతుంది. 1910ల తొలినాళ్ళలో ఫ్రాన్స్‌లో జాక్ హెన్రీ లార్టీగ్ తీసిన పందెం కారు బొమ్మ దీనికి ప్రపంచప్రసిద్ధ ఉదాహరణ. కారు చక్రం గుండ్రంగా లేక ముందుకు వంగిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చక్రం అడుగు ముందు, పైభాగం తర్వాత నమోదయ్యాయి కాబట్టి ఆ కాస్త సమయంలో పైభాగం ముందుకు జరిగింది. లార్టీగ్ కెమెరాను కారుతో పాటు తిప్పుతున్నాడు, అందువల్ల నిలబడి చూస్తున్న జనం వెనక్కి వాలినట్టు పడ్డారు. ఆ వంపే ఇవాళ చూసేవారికి వేగంలా అనిపిస్తుంది.

అంకెలను ఎంతవరకు నమ్మాలి

పాత షట్టర్లలో చాలావాటి గరిష్ఠ వేగం 1/100, 1/150 దాటకపోవడం చూసి కొత్తవారు నిరుత్సాహపడతారు. పెద్ద కెమెరా పనిలో ఆ నిరుత్సాహానికి చోటు లేదు. ఐఎస్ఓ 100 ఫిల్ముకు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్/16 దగ్గర సుమారు 1/100 సెకను కావాలి. 8×10 కెమెరాతో ముందునున్న బండ నుంచి వెనకనున్న కొండ దాకా స్పష్టంగా రావాలంటే ఎపర్చర్ కనీసం ఎఫ్/32కు కుదించాలి, అప్పుడు 1/25. మబ్బులు తేలడానికి నారింజ ఫిల్టర్ పెడితే మరో రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పోయి 1/6. నీడలోకి వెళ్తే సెకన్లే. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్‌లో ఆన్సెల్ ఆడమ్స్ తీసిన చంద్రోదయం బొమ్మకు ఎక్స్‌పోజర్ ఎఫ్/32 దగ్గర పూర్తిగా ఒక సెకను. పెద్ద ఫిల్ము పనిలో రోజూ వాడేవి ఒక సెకను నుంచి 1/25 దాకా ఉన్న వేగాలు. పాత షట్టర్ బాగా ఉందో లేదో అక్కడే చూడాలి.

వేగం పెరిగే కొద్దీ ఇంకో చిక్కు వస్తుంది. రేకులు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కూడా సమయం పడుతుంది. ఒక పెద్ద షట్టర్‌లో తెరుచుకోవడానికి 5 మిల్లీసెకన్లు, మూసుకోవడానికి మరో 5, మొదటి నుంచి చివరి దాకా మొత్తం 15 మిల్లీసెకన్లు అనుకుందాం. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంటే ఫిల్ముకు అందే వెలుగు 10 మిల్లీసెకన్లకు సమానం, అంటే 1/100. ఎపర్చర్‌ను బాగా కుదిస్తే ఆ చిన్న చిల్లు మొదట్లోనే పూర్తిగా తెరుచుకుని చివర్లోనే మూసుకుంటుంది. అందే వెలుగు దాదాపు 15 మిల్లీసెకన్లు, అంటే సుమారు 1/67. షట్టర్ మారలేదు, అయినా ఎక్స్‌పోజర్ అర స్టాపుకు పైగా పెరిగింది. ఒక సెకను దగ్గర ఇదే తేడా లెక్కలోకి రాదు. పెద్ద షట్టర్లకు పెద్ద వేగాలు ఇవ్వకపోవడానికీ కారణం రేకుల బరువే. ఆధునిక కోపాల్‌లలో కూడా 24 మిల్లీమీటర్ల చిల్లున్న సున్నా నంబరుకు 1/500 ఉంటే, 45 మిల్లీమీటర్ల మూడో నంబరుకు 1/125 మాత్రమే.

ఎపర్చర్ అంకెల్లోనూ ఒక ఉచ్చు ఉంది. 1881లో బ్రిటన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ప్రతిపాదించిన యూనిఫాం పద్ధతి అంకెలు చాలా యునికమ్‌ల మీద, తొలినాటి కోడక్ షట్టర్ల మీద కనిపిస్తాయి. ఆ పద్ధతిలో ఒకటి అంటే ఎఫ్/4, అక్కణ్ణించి ఒక్కో స్టాపుకు అంకె రెట్టింపు అవుతుంది. 4 అంటే ఎఫ్/8, 8 అంటే ఎఫ్/11, 32 అంటే ఎఫ్/22, 64 అంటే ఎఫ్/32. రెండు పద్ధతులూ కలిసేది 16 దగ్గర మాత్రమే. 64ను ఎఫ్/64 అనుకుని సమయం లెక్కిస్తే నెగటివ్‌కు రెండు స్టాపుల వెలుగు ఎక్కువ పడుతుంది. అంకెలు 4, 8, 16, 32, 64 అని రెట్టింపవుతూ మధ్యలో 11, 22 లేకపోతే అనుమానించాలి.

సమయాన్ని కొలవడానికి ఖరీదైన సాధనాలేవీ అక్కర్లేదు. గ్రామఫోన్ ఉన్న ఇంట్లో తేలికైన పద్ధతి ఒకటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పళ్ళెం సెకనుకు కచ్చితంగా 200 డిగ్రీలు తిరుగుతుంది. నల్లటి రికార్డు అంచున తెల్ల చుక్క అంటించి, తిరుగుతుండగా పైనుంచి పరీక్షించవలసిన షట్టర్‌తో బొమ్మ తీస్తే చుక్క ఒక వంపు గీతగా పడుతుంది. దాని కోణం 40 డిగ్రీలైతే 1/5 సెకను, 8 డిగ్రీలైతే 1/25. అంతకన్నా ఎక్కువ వేగాలకు, వెలుగును పసిగట్టే ఫొటోట్రాన్సిస్టర్‌ను కంప్యూటర్ మైకు సాకెట్‌కు కలిపి, షట్టర్ వెనక పెట్టి, ముందు దీపం ఉంచి నమోదు చేస్తారు. తెర మీద గీత ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడిందో చూసి లెక్కించవచ్చు. అర సెకను, సెకను వంటివాటికి ఫోన్‌లో చప్పుడు రికార్డు చేసినా చాలు, తెరుచుకున్న చప్పుడూ మూసుకున్న చప్పుడూ విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కో వేగాన్ని పలుమార్లు కొలిచి, వచ్చిన అసలు సమయాలను చీటీ మీద రాసి లెన్స్ పలక వెనక అంటించుకోవడం అనుభవజ్ఞుల అలవాటు. ఆ తర్వాత షట్టర్ మీది అంకెలు గుర్తులు మాత్రమే, లెక్క చీటీది.

కొనడం, బాగుచేయడం, బిగించడం

అమెరికా, ఐరోపా వేలాల్లో ఈ షట్టర్లు ఎక్కువగా లెన్సుతో సహా వస్తాయి. మన దేశంలో ముంబై చోర్ బజార్ వంటి చోట్ల, మూతపడిన పాత స్టూడియోల సామానులో దొరుకుతాయి. కేరళలోని అలప్పుళలో తయారైన వాగీశ్వరి కొయ్య కెమెరాలు వాడిన స్టూడియోలు దక్షిణాదిన చాలా ఉండేవి. అలాంటి కెమెరా దొరికితే దాని లెన్స్ పలకను కూడా వదలకుండా అడగాలి.

చేతికి రాగానే ముందు చూడవలసింది రేకులు. వాటి మీద నూనె తళుకు ఉంటే అతుక్కుపోయి మందగిస్తాయి. ఉక్కు రేకులకు తుప్పు పట్టి ఉంటే కోస్తా గాలిలో అది ఆగదు. ఎపర్చర్‌ను కుదించే ఐరిస్‌ను మెల్లగా తిప్పి చూడాలి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకూడదు. కొన్ని పాత షట్టర్లలో రేకులు లోహం కావు, గట్టి రబ్బరుతోనో అట్టతోనో చేసినవి. లైటర్లలో పోసే నాఫ్తాలో షట్టర్ మొత్తాన్ని ముంచి కడగడం చాలామంది చెప్పే చిట్కా. లోహపు రేకులున్న ఐలెక్స్‌కు, కాంపర్‌కు అది మేలు చేస్తుంది. రబ్బరు రేకులున్న పాత షట్టర్‌కు అదే ప్రాణాంతకం. రేకులు వంకర తిరిగితే బదులు రేకులు దొరకవు. అందుకే ముఖపు పలక విప్పి, ఏది దేనితో చేశారో చూసుకున్నాకే ద్రావణం ముట్టాలి. చక్రాల ఇరుసులకు గడియారం నూనె సూదిమొనతో అంటిస్తే సరిపోతుంది. రేకులకు, గాలి సిలిండర్లకు నూనె ఎప్పుడూ పనికిరాదు.

లెన్స్ ముందు భాగం, వెనక భాగం షట్టర్‌కు అటూ ఇటూ మరలతో బిగుస్తాయి. వాటి మధ్య దూరం లెన్స్ తయారీదారు లెక్క ప్రకారమే ఉండాలి, మిల్లీమీటర్లో కొద్ది వంతులు మారినా అంచుల్లో స్పష్టత పోతుంది. కోపాల్ కాలంలో కొలతలు ఏకరూపమయ్యాయి కానీ, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏ కంపెనీ మరలు ఆ కంపెనీవే. ఒక లెన్స్ భాగాలను మరో షట్టర్‌లోకి మార్చాలంటే లేత్ పని తెలిసిన మంచి పనివాడు కావాలి. షట్టర్ లేని ఇత్తడి గొట్టపు లెన్సుకు తేలికైన దారులు రెండు. థార్న్‌టన్-పికార్డ్ పెట్టెను చెక్క వలయంతో లెన్స్ ముందు తొడగడం ఒకటి. లెన్స్ వెనక ప్యాకార్డ్ పెట్టడం రెండోది. స్విట్జర్లాండ్ సీనార్ కంపెనీ కెమెరాలకు 8 సెకన్ల నుంచి 1/60 దాకా వేగాలుండే, ఏ లెన్సుకైనా వెనక నిలిచే షట్టర్ కూడా ఉంది. వెనక పెట్టేవాటి చిల్లు లెన్స్ వెనక గాజు కన్నా పెద్దదిగా ఉండాలి, లేకపోతే బొమ్మ మూలలు నల్లబడతాయి.

పాత షట్టర్లలో చాలావాటికి ఫ్లాష్ తీగ ఉండదు. గది చీకటి చేసి, ‘బి’లో షట్టర్ తెరిచి ఉంచి, ఫ్లాష్‌ను చేత్తో వెలిగించి, వెంటనే మూసేస్తే ఆ లోటు తీరుతుంది. వెలుగు ఉన్నది ఫ్లాష్ మెరిసిన ఆ కొద్ది క్షణమే కాబట్టి షట్టర్ ఎంత సేపు తెరిచి ఉందన్నది లెక్కకు రాదు.

దాచేటప్పుడు స్ప్రింగులు వదులుగా ఉండాలి. గుడ్డ తెర షట్టర్ గుండీని పూర్తిగా విప్పి పెట్టాలి, ముందుగా బిగించే రకం షట్టర్లను బిగించిన స్థితిలో వదలకూడదు. వానాకాలంలో సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టడం మంచిది. తేమకు గుడ్డకు బూజు, లెన్సుకు ఫంగస్, ఉక్కుకు తుప్పు పడతాయి. నెలకోసారి బయటికి తీసి, నెమ్మది వేగాల నుంచి మొదలుపెట్టి ఒక్కోదాన్ని కొన్నిసార్లు వదలాలి. కదలకుండా పడి ఉన్న షట్టర్‌లో నూనె గడ్డకడుతుంది, అలాంటిదానికి రాసిపెట్టుకున్న చీటీ కూడా చెల్లదు, మళ్ళీ కొలవాలి.